త్రాడు పేనినవాని మాట

భారతీయ తత్త్వగ్రంథాలలో కుండకూ త్రాటికీ లభించినంత ప్రతిష్ఠ మరి ఏ చేతిపని వస్తువుకూ లభించలేదు. మసకవెలుగులో త్రాటిని చూచి పామని భ్రమించిన మనిషి అద్వైతవాదానికి నిత్యసాక్షి. శైవసిద్ధాంతంలో జీవుడు పశువు, వానిని కట్టినది పాశం, విప్పగలవాడు పతి. ఇన్ని శతాబ్దాలుగా ఇంత వాదం జరిగినా, ఆ త్రాడు ఏ గడ్డితో పేనినది, పేనినవాడెవడు, సంతలో ఎంతకు అమ్ముడుపోయినది అని అడిగిన భాష్యకారుడు కనిపించడు. అడుగవలసిన అవసరం అతనికి లేదు. పాముగా కనబడుటకు త్రాడు అక్కడ పడి ఉంటే చాలును.

పన్నెండవ శతాబ్దపు కన్నడ వచనకారులలో ఆ త్రాడు పేనిన మనిషే నోరు విప్పినాడు. అతడు నులియ చందయ్య. కన్నడంలో ‘నులి’ అనగా పేనుట, మెలిపెట్టుట. చెరువుల ఒడ్డున పెరిగిన గడ్డిని కోసి, పేని, అమ్మి, వచ్చినదానితో జంగములకు అన్నం పెట్టుట అతని కాయకం. కాయకమనగా దేహశ్రమతో చేయు పని; వచనకారుల దృష్టిలో పూజకు ఏమాత్రం తీసిపోనిది. ఫ. గు. హళకట్టి 1923లో ‘వచనశాస్త్రసారం’ అచ్చువేసి వెలుగులోనికి తెచ్చిన వాఙ్మయంలో ఇటువంటి వృత్తికారులు పలువురు ఉన్నారు.

గడ్డిత్రాడు పేనుట చూచినవారికి అందలి కిటుకు తెలియును. ఒక్కొక్క పురిని ఒకవైపుకు మెలిపెట్టి, రెండు పురులను కలిపి ఎదురువైపుకు పేనుతారు. ప్రతి పురీ విప్పుకొనజూచును. ఆ విప్పుకొనే బలమే రెండింటినీ బిగించి ఉంచును. జిగురు లేదు, ముడి లేదు. గడ్డిపోచ పొట్టిది గనుక కొస రాకముందే క్రొత్త పోచను జొనుపుతూ పోవలెను. రెండు పురులలోనూ ఒక్కచోటనే జొనిపినచో త్రాడు అక్కడనే తెగును. ఇంత పని ఉన్నది ఆ పాశంలో.

చందయ్యను గూర్చిన కథను ‘శూన్యసంపాదనె’ చెప్పుచున్నది. పదునైదవ శతాబ్దంలో మొదలై, పలువురు కూర్పరుల చేతులలో పెరిగిన గ్రంథమది. చందయ్య గడ్డి కోయుచుండగా ఒంటి మీది ఇష్టలింగం నీటిలో జారిపడినది. అతడు దానికై వెదకలేదు. మోపు ఎత్తుకొని తన దారిన పోయినాడు. లింగమే వెంటబడి తన్ను చేపట్టుమని వేడుకొన్నది. పాల్కురికి సోమనాథుని బసవపురాణం వలన తెలుగువారికి చిరపరిచితుడైన మడివాలు మాచయ్య మధ్యవర్తిగా నిలిచినాడు. తుదకు లింగానికి కూడ ఒక పని అప్పగింపబడినది: త్రాడు అమ్మిపెట్టుట. లింగం దానిని బసవణ్ణకు అమ్మి వేయి బంగారు నాణెములు తెచ్చినది. చందయ్య పుచ్చుకొనలేదు. త్రాటి వెల ఎంతో అంతే కావలెనన్నాడు.

దీనిని వైరాగ్యకథగా చదువుట వాడుక. అది సగం మాత్రమే. వైరాగి అయినచో ధనమంతా వద్దనును. చందయ్య వెల వద్దనలేదు, ఎక్కువ వెల వద్దన్నాడు. ఆ వేయి నాణెములు త్రాటికి ఇచ్చినవి కావు, అమ్మవచ్చిన లింగానికి ఇచ్చినవి. బసవణ్ణ ఔదార్యాన్ని శంకింపనక్కరలేదు. అయినను వేదాంతి కంటికి త్రాడు పామైనట్లే, అతని చేతిలో అది ప్రసాదమైపోయినది. మోపు కట్టుటకో, దూడను కట్టివేయుటకో పేనిన వస్తువు రెండుచోట్లా మాయమైనది. చందయ్య పట్టుదల దానిని తిరిగి త్రాడుగా నిలబెట్టుటకే.

మేదర కేతయ్యను గూర్చిన కథలోనూ ఈ దృష్టియే కలదు. బుట్టలకై అతడు నరికిన వెదురులో శివుడు బంగారం నింపినాడట; కేతయ్య దానిని పురుగని తలచి విడిచిపెట్టినాడట. భక్తులు దీనిని నిర్మోహమందురు. మేదరి పని తెలిసినవాడు మరొకటి కూడ గమనించును: వెదురులో మొదట చూడవలసినది పుచ్చునే. తెల్లని పొడి రాలిన బొంగు బద్దకు పనికిరాదు. బుట్టకు నిలువుబద్దలు బేసిసంఖ్యలో ఉండవలెను. సరిసంఖ్యలో ఉన్నచో ఒంటి అల్లుబద్ద రెండవ చుట్టులోనూ మొదటి దారినే పోయి అల్లిక పట్టదు. ఈ లెక్కలలో బంగారానికి చోటెక్కడ? కేతయ్య చూపు సాధువుది కావచ్చును. పనివానిది మాత్రం తప్పక అగును. రాలిన బియ్యం ఏరి బ్రతికిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు ఎక్కువ తెచ్చినందుకు, భార్య లక్కమ్మ తిరిగి పోసి రమ్మన్నది. ఒకరు విడిచినదానిని ఏరుకొనుటకు కూడ వారికొక కొలత ఉండెను.

‘శూన్యసంపాదనె’ కూర్పరి నేర్పు గొప్పదే. కాని చందయ్యను లింగంతో తిరిగి కలిపిన పిదప చర్చ జ్ఞానం వైపు ఎక్కిపోవును. గడ్డిమోపు ఎక్కడ దింపినాడో పాఠకునికి తెలియదు. చందయ్య వచనాలు కూడ చాలవరకు గురులింగజంగముల పరిభాషలో నడచినవే. ప్రతి పాదంలోనూ గడ్డివాసన వెదకువాడు నిరాశపడక తప్పదు.

అయినను ఒక వచనం ఉన్నది. గురువుకైనా, లింగానికైనా, జంగమునికైనా కాయకమే దిక్కని చెప్పుచు, జంగముని వేషమనే పాశం సైతం కాయకం చేతనే తెగునని చందయ్య అందులో అన్నాడు. పాశమనునది శైవుల పాత మాటే. నిత్యం త్రాళ్లు పేనువాని నోట అది వచ్చునపుడు మాత్రం చిన్న కొంటెనవ్వు వినిపించును: ఇతరులు పాశమని భయపడుదానిని ఇతడు పూటపూటా పేని అమ్ముచున్నాడు, అదే పనితో పాశం తెగునని చెప్పుచున్నాడు. ‘బంధం’ అని అనువదించినచో ఈ నవ్వు పోవును. పాశమను మాట తెలుగులోనూ ఉన్నది గనుక తెలుగు అనువాదకునికి ఇది అయాచితలాభం. ఆ మాటను అట్లే ఉంచుట మేలు.