సున్నాకీ రెండుకీ నడుమ

ఆసుపత్రికి మార్కులు వేయడానికి వెళ్లినప్పుడు నేను గోడల వంక చూడను. రంగు వాసన గుప్పుమంటోందంటే మేం వస్తున్నట్టు ముందే తెలిసిందన్నమాట. నేరుగా మంచాల దగ్గరికెళ్లి వంగుతాను. చక్రాలకు చుట్టుకున్న వెంట్రుకలు, దూదిపోగులు ఒక్క రాత్రిలో పోయేవి కావు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2015లో ‘కాయకల్ప’ మొదలుపెట్టింది. ప్రభుత్వాసుపత్రి ముందు తనకు తానే మార్కులు వేసుకోవాలి. తర్వాత ఇంకో ఆసుపత్రి వాళ్లొచ్చి వేస్తారు. ఆఖరున మాలాంటి బయటివాళ్లం. అవార్డు బరిలో నిలవాలంటే 70 శాతం రావాలి. ఒక్కో అంశానికి రెండు, ఒకటి, లేదా సున్నా.

సున్నా వేయడం తేలిక, రెండు వేయడం ఇంకా తేలిక. ప్రాణం తీసేది ఒకటే. కొంత ఉంది, కొంత లేదు అని దానర్థం. బేసిన్ ఉంది, మోచేత్తో తిప్పే కుళాయి ఉంది, చేతులు ఎలా కడుక్కోవాలో గోడ మీద ఆరు బొమ్మలూ ఉన్నాయి. సబ్బు లేదు. ఒకటి వేయమంటుంది కాగితం. సబ్బే లేనప్పుడు ఆ బొమ్మలెందుకని నా గొణుగుడు.

ఒకసారి ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో మూడు బకెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఒకదానికి ధర చీటీ ఇంకా ఊడలేదు. పక్కనే మాపు కర్రతో నిలబడ్డ ఆమెను అడిగాను: “నేల మీద రక్తం ఒలికితే ఏం చేస్తావమ్మా?” సిస్టర్ అందుకోబోయింది. ఆగమని సైగ చేశాను.

“ముందు గ్లౌజులేసుకుంటా మేడమ్. పాత గుడ్డ కప్పి, పైన మందునీళ్లు పోసి పది నిమిషాలాగుతా. తర్వాతే తుడుస్తా.”

“మందునీళ్లెలా కలుపుతావు?”

“డబ్బా మందుకి నాలుగు డబ్బాల నీళ్లు.”

క్యాను తిప్పి చూశాను. ఐదు శాతం హైపోక్లోరైట్. ఒకటికి నాలుగు కలిపితే సరిగ్గా ఒక శాతం. మాకు శిక్షణలో చెప్పిన లెక్క అదే.

“నిన్నటిది మిగిలితే?”

“పారబోస్తా. రాత్రికే పవరు పోద్ది కదా.”

ఆ గడిలో రెండు వేశాను. కింది గడి గ్లౌజులది. ఆమె చేతులకు మందపాటి రబ్బరు గ్లౌజులున్నాయి, మడత గీతలు ఇంకా పోలేదు.

“ఎప్పుడిచ్చారివి?”

“నిన్న సాయంత్రం.”

సూపరింటెండెంట్ గారు గొంతు సవరించుకున్నారు. శుభ్రం పని కాంట్రాక్టు వాళ్లదని, గ్లౌజులూ వాళ్లే ఇవ్వాలని చెప్పారు. ఆయన చెప్పింది నిజమే. గ్లౌజుల గడిలో మాత్రం కాంట్రాక్టరుకు చోటు లేదు. పెన్ను ఒకటి దగ్గర ఆగింది. ఆమె గొంతు తగ్గించి అడిగింది:

“మేడమ్, మీరెళ్లాక ఇవి తిరిగిచ్చెయ్యాలా?”