జ్వరానికో లెక్క, ఎండకో లెక్క

మన ఇళ్లలో ఎండను సెల్సియస్‌లో చెప్పుకుంటాం, జ్వరాన్ని ఫారన్‌హీట్‌లో. రెంటచింతలలో 45 అంటే అమ్మో అంటాం, పిల్లాడికి 102 అంటే డాక్టరు దగ్గరికి పరిగెడతాం. ఈ రెండు కొలతలూ ఏళ్ల తరబడి ఒకదాని జోలికి ఒకటి రాకుండా కాపురం చేస్తున్నాయి. డాలస్‌లో ఉన్న కూతురు ఫోన్లో "ఇక్కడ 95 ఉందమ్మా" అన్నప్పుడే చిక్కొచ్చి పడుతుంది.

బడిలో నేర్పిన తొమ్మిది బై అయిదు సూత్రం కాగితం మీద బాగానే ఉంటుంది. నోటిలెక్కకు వేరే దారి ఉంది. సెల్సియస్‌ను రెట్టింపు చేసి, అందులో పదో వంతు తీసేసి, 32 కలపాలి. 45కి రెట్టింపు 90, తొమ్మిది పోతే 81, 32 కలిపితే 113. ఇది ఉజ్జాయింపేమీ కాదు. రెండులోంచి దాని పదో వంతు తీస్తే మిగిలే 1.8, తొమ్మిది బై అయిదు ఒకటే.

కూతురి 95ని ఇటు తేవాలంటే 32 తీసేయాలి. మిగిలిన 63లో సగం 31.5. ఆ సగానికి దాని పదో వంతు కలిపితే 34.65, నూరో వంతు కూడా కలిపితే 34.96. అసలు జవాబు 35. ఇంకా కలుపుకుంటూ పోతే దానికి మరింత దగ్గరవుతాం గానీ, ఎండ సంగతి మాట్లాడుకోవడానికి అంత అవసరం లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది 40 పద్ధతి. మైనస్ 40 దగ్గర రెండు కొలతలూ కలుస్తాయి. అందుకని ఎటునుంచి ఎటు మార్చినా ముందు 40 కలిపి, హెచ్చవేసి, చివర 40 తీసేస్తే సరి. 104 జ్వరం చూడండి: 40 కలిపితే 144, దాన్ని తొమ్మిదితో భాగించి అయిదుతో హెచ్చవేస్తే 80, నలభై తీస్తే 40. ముందు 32 కలపాలా, హెచ్చవేయాలా అన్న తికమకే ఉండదు.

ఒక్కచోట మాత్రం చాలామంది పప్పులో కాలేస్తారు. భూతాపం 1.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఫారన్‌హీట్‌లో అది 2.7 డిగ్రీల పెరుగుదల. 34.7 కాదు. తేడాలు మార్చేటప్పుడు 32తో పనిలేదు. అది మంచు కరిగే బిందువు ఫారన్‌హీట్ కొలతలో ఎక్కడుందో చెప్పే అంకె, అంతే.

98.6 దాటిందని దశాంశంతో సహా బెంగపడేవాళ్లకు ఒక మాట. జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ 1868లో ప్రచురించిన పుస్తకంలో చెప్పింది 37 సెల్సియస్. ఆ పాయింట్ ఆరు, మార్పిడిలో పుట్టుకొచ్చింది.

సెల్సియస్ మహాశయుడు 1742లో నీరు మరిగే చోట సున్నా, గడ్డకట్టే చోట వంద పెట్టాడు! ఆయన పోయాకే దాన్ని తిరగేశారు.

కెల్విన్‌కు మార్చడం మరీ తేలిక, సెల్సియస్‌కు 273.15 కలిపితే చాలు. 20 డిగ్రీలకు 40 రెట్టింపు వేడి అనేవారి మాట ఇక్కడ తేలిపోతుంది. కెల్విన్‌లో అవి 293, 313. పెరిగింది నూటికి ఏడు పాళ్లు. నిజంగా రెట్టింపు కావాలంటే 300 సెల్సియస్ దాటాలి, అప్పటికి తగరం ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది.