ఇంటికి వస్తువేది?

యువ ఆర్కిటెక్టులకు గృహనిర్మాణ పోటీలు పెట్టడాన్ని నేను తప్పుపట్టను. 1930లో సికింద్రాబాదులో పుట్టిన చార్లెస్ కొరియా అరవయ్యో దశకం మొదట్లో గుజరాత్ హౌసింగ్ బోర్డు పోటీలో ప్రథమ బహుమతి పొందాడు. ఆ నమూనా ప్రకారం అహ్మదాబాదులో కట్టిన ‘ట్యూబ్ హౌస్’ ఇరుకైన పొడవాటి ఇల్లు. వేడిగాలి ఏటవాలు కప్పు వెంట పైకెక్కి, పైనున్న సందులోంచి బయటికి పోతుంది. పేదవాడి ఎండాకాలం గురించి ఒక యువకుడు నిజంగా ఆలోచించాడు. 1995లో ఆ ఇంటిని కూల్చేశారు. బహుమతి మాత్రం చరిత్రలో మిగిలింది.

ఇలాంటి పోటీలు చదరపు అడుగులు అడుగుతాయి, ఖర్చు అడుగుతాయి. ఆ ఇంట్లో ఏ శ్రమ జరుగుతుందని అడగవు. మెట్‌పల్లిలో బీడీలు చుట్టే ఆడవాళ్ల ఇల్లు చూడండి. తునికాకు నానబెట్టేదీ, కత్తిరించేదీ, తంబాకు నింపి చుట్టేదీ అక్కడే. పసిపిల్ల నిద్రపోయేదీ అక్కడే. యజమానికి షెడ్డు ఖర్చు మిగులుతుంది. ఆ ఖర్చు ఆమె ఇల్లూ, ఆమె ఊపిరితిత్తులూ భరిస్తాయి. 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం పథకం 560 చదరపు అడుగులు లెక్కగట్టింది. పడక గదులు, హాలు, వంటిల్లు లెక్కకొచ్చాయి. చాట ముందేసుకుని కూర్చునే వెలుతురున్న చోటు, పొగాకు దుమ్ము పోయే దారి లెక్కకు రాలేదు.

వస్తువే రూపాన్ని నిర్ణయిస్తుందని సాహిత్యంలో వాదిస్తున్నాం. ఇంటికి వస్తువు అందులో జరిగే జీవితం, శ్రమ. కాబట్టి న్యాయనిర్ణేతల వరుసలో బీడీ కార్మికురాలికీ కుర్చీ వేయాలి. యువ ఆర్కిటెక్టు గీసిన కాగితానికి మొదటి మార్కు ఆమె వేయాలి.