సోనార్ కెల్లా: పూర్వజన్మ కోట, బతికున్న కోట

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నిర్మాతగా సత్యజిత్ రే 1974లో రూపొందించిన ‘సోనార్ కెల్లా’ బాలల చిత్రంగా, అపరాధ పరిశోధన చిత్రంగా ప్రసిద్ధి పొందింది. రే స్వయంగా 1971లో రచించిన నవల దీనికి ఆధారం. థార్ ఎడారిలోని జైసల్మేర్ కోటకు ఈ చిత్రం తెచ్చినంత ఖ్యాతిని ఏ చరిత్ర గ్రంథమూ తేలేదు. బెంగాలీ యాత్రికులెందరో నేటికీ ఆ కోటకు వెళ్ళేది ఈ చిత్రాన్ని తలచుకొంటూనే. ఒక చారిత్రక స్థలాన్ని సినిమా ఎలా చూసింది, ఆ చూపు ప్రేక్షకుడికి ఏమి నేర్పింది అన్న ప్రశ్నలకు ఇది తగిన ఉదాహరణ.

ముకుల్ అనే బాలుడికి పూర్వజన్మ స్మృతులు మేలుకొంటాయి. అతడు బంగారు రంగు కోట బొమ్మలు గీస్తాడు. తన పాత ఇంట రత్నాలుండేవంటాడు. ఆ మాట పత్రికకెక్కడంతో దుండగులు నిధి కోసం వెంటపడతారు. వారి వెనుక డిటెక్టివ్ ఫెలూదా బయలుదేరుతాడు. రే ఇక్కడ చూపిన సంయమనం ప్రశంసనీయం. ఇతర కోటలను చూపిస్తూ, ఇది కాదని బాలుడి చేత అనిపిస్తూ, జైసల్మేర్‌ను చివరిదాకా దాచి ఉంచారు. అందువల్ల సౌమేందు రాయ్ కెమెరాలో ఆ పసుపుపచ్చని ఇసుకరాతి గోడలు ప్రత్యక్షమైనప్పుడు, బాలుడితోపాటు మనమూ వాటిని గుర్తుపట్టినట్లే ఉంటుంది. 1969 నాటి ‘గూపీ గాయిన్ బాఘా బాయిన్’లోనూ రే జైసల్మేర్‌ను వాడుకొన్నారు. అక్కడ అది జానపద కథలోని హల్లా రాజ్యం. ఇక్కడ కోట తన సొంత పేరుతోనే కథకు గమ్యమైంది.

అయినా చరిత్ర విద్యార్థికి ఒక అభ్యంతరం మిగులుతుంది. ముకుల్ ఇల్లు శిథిలం. ఆ శిథిలాన్ని చిత్రం పూర్వజన్మకు అప్పగించి ఊరుకొంటుంది. 1156లో భాటీ వంశీయుడు రావల్ జైసల్ స్థాపించిన ఈ నగరం సింధు మీదుగా సాగిన బిడారు వర్తకంతో, దాని సుంకాలతో వర్ధిల్లింది. బొంబాయి రేవు ద్వారా సముద్ర వర్తకం పెరిగినకొద్దీ ఎడారి దారులు క్షీణించాయి. 1947 దేశ విభజనతో సింధు వైపు తలుపే మూసుకుపోయింది. వర్తక కుటుంబాలెన్నో ఇతర నగరాలకు వలసపోయాయి. ఇలాంటి చోట పాడుబడిన ఇళ్ళ వెనుక జన్మాంతర రహస్యం కన్న ఆర్థిక చరిత్రను వెదకడం మేలు.

అంతకన్న ముఖ్యంగా, ఈ కోట నేటికీ జనావాసం. గడీసర్ చెరువు నుంచి కడవలతో నీరు మోసుకొచ్చిన శతాబ్దాలలో ప్రతి చుక్కకూ లెక్క ఉండేది. కొళాయిలు వచ్చి, యాత్రికుల కోసం వసతిగృహాలు పెరిగాక, వాడిన నీరు పాత కాలువల శక్తిని మించి పునాదుల్లోకి ఇంకింది. గుట్టలోని మెత్తని పొరలు నాని బలహీనపడ్డాయి. కొన్ని బురుజులు కూలాయి. 1996లో ఈ కోట ప్రపంచ స్మారక కట్టడాల నిధి ప్రకటించిన ప్రమాద జాబితాకెక్కింది. 2013లో రాజస్థాన్ గిరిదుర్గాలలో ఒకటిగా యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందింది.

ఈ నష్టానికి చిత్రాన్ని దోషిగా నిలబెట్టడం అన్యాయం. కాని దాని నుంచి యాత్రికుడు తెచ్చుకొన్న చూపును విమర్శించక తప్పదు. అతడు గోడల రంగు చూసి మురుస్తాడు, ముకుల్ ఇల్లు ఎక్కడని అడుగుతాడు, ఛాయాచిత్రం తీసుకొంటాడు. ఆ పక్క గడపలోనే కాపురమున్న కుటుంబం అతడికి కనబడదు. కోటను రక్షించాలంటే నివాసులను తరలించాలనే వాదన కూడా ఈ చూపుకు దగ్గరి చుట్టమే. ఖాళీ చేయించిన కోట ముకుల్ చూసిన శిథిలం వంటిదే అవుతుంది. మురుగు కాలువలు సరిచేయడం, వసతిగృహాల నీటి వాడకానికి హద్దు విధించడం శ్రమతో కూడినవి, ఆకర్షణ లేనివి. అయినా చేయవలసిన పనులు అవే.

ఈ మాటకు రే చిత్రంలోనే ఆధారం ఉంది. రత్నాల కోసం వచ్చినవారికి రత్నాలు దక్కవు. తన కోటను కళ్ళారా చూసిన బాలుడు కలకత్తాకు తిరిగి వెళ్ళిపోతానంటాడు. దుండగులు వెదికింది నిధిని, బాలుడికి కావలసింది ఇల్లు. చిత్రం ఎవరి పక్షాన నిలిచిందో స్పష్టమే. జైసల్మేర్‌కు వెళ్ళే ప్రేక్షకుడు ఆ ముగింపును కూడా వెంట తీసుకువెళితే, బంగారు గోడల వెనుక ఇంకా పొయ్యి వెలుగుతున్న ఇళ్ళు అతడి కంట పడతాయి.