రష్యన్ క్రియయు నుపసర్గమును

రష్యన్ వ్యాకరణము నభ్యసించు విదేశీయ విద్యార్థికిఁ గాలభేదముకంటెఁ బూర్ణాపూర్ణభేదము క్లేశకరము. ఇది మన సమాపకాసమాపకభేదము గాదు. క్రియ ముగిసెనా, సాగుచుండెనా, మరలమరల జరుగుచుండెనా యనునదే యిందు వివక్షితము. 'పిసాత్' అనఁగా వ్రాయుట; వ్రాఁత ముగియుటను జెప్పవలసినచో 'నపిసాత్'. ఇట్టి జంటలను బట్టికలుగాఁ గూర్చి వల్లె వేయించుట పాఠ్యపుస్తకములందుఁ బరిపాటి. ప్రారంభమున నది సుకరమే గాని, పూర్ణతాబోధనమొక్కటే యుపసర్గమునకుఁ బని యను భ్రాంతిని గలిగించును.

'పెరెపిసాత్' తిరుగ వ్రాయుట. 'పొద్‌పిసాత్' సంతకము చేయుట. 'జపిసాత్' వ్రాసి యుంచుకొనుట. ఇందు ఉపసర్గము పూర్ణతతోఁబాటు ధాత్వర్థమును గూడ మార్చుచున్నది. ఈ క్రొత్త యర్థము చెడకుండ నపూర్ణక్రియఁ జేయవలెనన్న నడుమఁ బ్రత్యయముఁ జేర్చి 'పెరెపీసివాత్' అనవలెను. జంటలను మాత్రమే యెఱిఁగినవాఁడు ఉపసర్గమును దొలఁగించి 'పిసాత్' అని, యర్థమునే పోఁగొట్టుకొనును.

ఉపసర్గములు విడిగా నర్థమును జెప్పవని శాకటాయనుఁడును, జెప్పునని గార్గ్యుఁడును దలంచినట్లు యాస్కుని నిరుక్తమునం గలదు. మొదటి మతమునకు 'నపిసాత్', రెండవదానికి 'పెరెపిసాత్' సమీపముగా నున్నవి. ఐనను సంస్కృతజ్ఞుఁడు సామ్యమును నమ్మి మోసపోరాదు. 'లిఖతి', 'విలిఖతి' రెండును వర్తమానములే. రష్యనునందు 'పిషూ' అనఁగా వ్రాయుచున్నాను. ఆ రూపమునకే యుపసర్గము చేరిన 'నపిషూ' అనఁగా వ్రాసి ముగింతును. అది భవిష్యత్తు.

కావున ధాతువును, ఉపసర్గమును, ప్రత్యయమును విభజించి చూపి, పిదపఁ బట్టికల నొసఁగుటయే యుచితము.