ఒక్కనాటి శిష్యరికము

ఈ వారము ఒక న్యాయకళాశాలవారు నాలుగవ సంవత్సరపు విద్యార్థిని నొకతెను, ఒక్క దినము మీ వెంట కోర్టుకు తీసికొనిపొమ్మని, నా కడకు పంపిరి. ఆ ‘ఒక్క దినము’ అను మాటయే నాకు చిరాకు కలిగించెను. సీనియరు ప్రక్కన ఏడాదియైన కూర్చుండక న్యాయవాదవృత్తి పట్టుబడదని ఈ శీర్షికలో నేను పలుమారులు వ్రాసియున్న సంగతి పాఠకులెరుగుదురు. 1961 నాటి అడ్వొకేట్ల చట్టములో సన్నదుకు పూర్వము శిక్షణ పొందవలెనను నిబంధన యుండెను. 1973లో దానిని తొలగించిరి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియావారు 1995లో నియమములు చేసి ఏడాది శిక్షణను మరల తేబూనగా, అట్టి అధికారము వారికి లేదని సుప్రీంకోర్టు 1999లో ఆ నియమములను కొట్టివేసెను. నేడు మిగిలినది 2008 నాటి నియమములు విధించు ఇంటర్న్‌షిప్పు మాత్రమే: మూడేండ్ల కోర్సువారికి 12 వారములు, ఐదేండ్లవారికి 20.

రాజమహేంద్రవరమున మా సీనియరుగారి గదిలో, నేను వృత్తిలో చేరిన మొదటి వానకాలమంతయు నాకు దొరకిన పని వాదించుట కాదు, హద్దులు చదువుట. ఏడాది శిక్షణ మీద నాకుగల పట్టుదలకు మూలమక్కడనే యున్నది. మడతల కడ చిరిగి, వెనుక పలుచని కాగితమంటించిన పాత దస్తావేజులను నా ముందు పరచి, “ముందు షెడ్యూలు చదవవయ్యా, కథ తర్వాత” అనెడివారు. తూర్పున పుంత, దక్షిణమున బోదె, పడమట ఫలానావారి భూమి, ఉత్తరమున గట్టు. విస్తీర్ణమునకును హద్దులకును పొత్తు కుదరనపుడు సాధారణముగా హద్దులదే పైచేయి యను సూత్రమును నేను పుస్తకములో చదివియే యుంటిని. కాని బోదె పూడిపోయి, పుంత సగము చేలలో కలిసిపోయి, పడమటి రైతు గతించి వాని భూమి మనుమల చేతులలో మూడు ముక్కలైన పిమ్మట ఆ హద్దు నేడెక్కడ నున్నదో తెలిసికొనుటకు, గ్రామమునకు పోయి ముసలి కౌలుదార్ల నడుగుట తప్ప మార్గాంతరము లేదని నాకు తెలిపినది ఆ గది. దబ్బనముతో కాగితముల కట్ట కుట్టుట మొదలు, ఏ కాగితము ఏ కాగితము మీద నుండవలెనో గుర్తించుట వరకు గుమాస్తాగారు నేర్పిరి. ఇదంతయు ఒక పగటిలో ఎవరికి చూపగలము?

ఆ విద్యార్థిని వచ్చిన దినమున పదిన్నరకు కాల్ వర్కు మొదలయ్యెను. బెంచి గుమాస్తా నంబరు చదువుట, ఎవరో లేచి “టైం సార్” అనుట, తేదీ పడుట. అరగంటలో ఒక పెద్ద కట్ట బల్ల ఆ చివరకు చేరెను. పిమ్మట ఒక సాక్షిని క్రాసు చేసిరి. 2002 నుండి సివిలు దావాలలో చీఫ్ అఫిడవిట్టు రూపముననే దాఖలగుచున్నందున, సాక్షి తన కథను తన నోట చెప్పుట ఆ అమ్మాయి వినలేదు. దానిని తునకలు చేయుట మాత్రము వినెను.

భోజనవేళ ఆమె కానరాలేదు. వెదకగా వరండాలో బల్ల మీద మా కక్షిదారు ప్రక్కన కూర్చుండియుండెను. ఆ పెద్దాయన బల్ల మీది దుమ్ములో వ్రేలితో గీతలు గీచి, తన బోదె ఏదో, పొరుగువాడు గట్టు నెంత జరిపెనో చూపుచుండెను. ఆమె తన పుస్తకములో ఆ పటమును దించుకొనుచుండెను. నన్ను చూచి లేచి అడిగెను:

“సార్, విచారణ మొదలయ్యాక ఒక పార్టీకి మూడు వాయిదాలకు మించకూడదని ఆర్డరు 17లో చదువుకున్నాం. తాతగారి కేసులో అవతలివాళ్లకు ఇన్ని ఎలా ఇచ్చారు?”

అది సడలని నియమము కాదని, పక్షకారుని చేతిలో లేని కారణములున్నచో కోర్టు అంతకు మించియు ఇయ్యవచ్చునని సేలం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు 2005లో చెప్పినదని వివరించితిని.

“మరి ఆ కారణమేమిటో తాతగారికి ఎవరైనా చెప్పారా సార్?”

“నాకెవరు చెప్తారమ్మా, చీటీ ఇస్తారు, తారీఖు చూసుకుని వస్తాను” అని ఆయనయే బదులు చెప్పెను. మా వృత్తిలోని వాడుక అదియే: తేదీ వేసిన చీటీ నిచ్చెదరు, కారణము నీయరు.

ఏడాది శిక్షణ పొందిన జూనియరు ఆ వరండా గుండా దినమునకు పదిమారులు నడచును గాని అక్కడ కూర్చుండడు. హద్దులు చదువుట నేర్పిన ఆ సుదీర్ఘ శిష్యరికమే, ఎవరికిని తెలియకుండ, వాయిదాను ఎండవానలవలె సహజమైనదిగా చూచుటయు నేర్పుచున్నది. ఇంకను అలవాటు పడని కన్ను ఆ వరండాను చూడగలుగునది మొదటి దినముననే. అందుచేత ఒక్కనాటి శిష్యరికము వ్యర్థమని నేనిక అనజాలను. ఏడాది శిక్షణను కోరుట మానను. కాని దానికి ముందు ఈ ఒక్క దినము ఉండియే తీరవలెను, అదియు వకీలు వెంట గాక కక్షిదారుని వెంట. తెల్లవారుజామున వానితో బస్సెక్కవలెను. స్టాంపు వెండరు కడను, జెరాక్సు కొట్టు కడను వానితో నిలువవలెను. బంట్రోతు పిలుపునకు చెవి యొగ్గి, నీళ్లకైనను లేవక, వానితో కూర్చుండవలెను. ఆనాటి కూలి పోగొట్టుకొని వాడు తిరిగిపోవు బస్సులో ఊరిదాక పోవలెను.

కళాశాలవారికి ఈ సంగతియే వ్రాసితిని. ఈసారి పంపు విద్యార్థిని పదిన్నరకు నా గదికి గాక, తొలి బస్సు వేళకు మా కక్షిదారు ఊరికి పంపుడని కోరితిని. పెద్దాయన నడుగగా, “రమ్మనండి, కాఫీ మా ఇంట్లోనే తాగి బయల్దేరదాం” అనెను.