చీట్లెత్తి చేసిన పరీక్ష: హైదరాబాదు సూక్ష్మఋణ పరిశోధనపై విమర్శ

దారిద్ర్య నివారణ పథకములు ఫలించినవా, లేదా యను ప్రశ్నకు యాదృచ్ఛిక పరీక్ష నేడు ప్రమాణముగా మన్నింపబడుచున్నది. కొన్ని గ్రామములనో పేటలనో చీట్లెత్తినట్లు ఏర్కొని, వానికి పథకము నొసగి, తక్కినవానితో పోల్చుట దీని పద్ధతి. 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, మైఖేల్ క్రెమర్ గార్లకు ఈ మార్గమునకే నోబెల్ బహుమానము లభించినది. దీని గుణదోషముల నెరుగుటకు హైదరాబాదు సూక్ష్మఋణ పరిశోధనము చక్కని నిదర్శనము.

బెనర్జీ, డుఫ్లో, రేచెల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్ గార్లు నగరమందలి 104 పేదల పేటలను గైకొనగా, వానిలో 52 పేటలందు స్పందన సంస్థ స్త్రీల బృందములకు ఋణము లిచ్చినది. 2015లో ప్రకటితమైన ఫలితములను బట్టి కుటుంబముల సగటు వ్యయము చెప్పదగినంతగా పెరుగలేదు. విద్యారోగ్యములందును, స్త్రీల స్వాతంత్ర్యమందును మార్పు కానరాలేదు. ముందే వ్యాపారము గలవారు మాత్రము పెట్టుబడిని హెచ్చించుకొనిరి. చిన్న ఋణము పేదరికమునకు దివ్యౌషధమను ప్రచారమును ఈ పరీక్ష అణచినది. ఇది దాని ఘనత.

అయినను ఫలితము నర్థము చేసికొనుటలో రెండు జాగ్రత్తలు వలయును. మొదటి లెక్కనాటికి ఏర్కొనిన పేటలలో నూటికి సుమారు 27 కుటుంబములు సూక్ష్మఋణము పొందియుండగా, తక్కిన పేటలలోను సుమారు 18 కుటుంబములు పొందియే యున్నవి. కనుక పోలిక ఋణమునకును ఋణరాహిత్యమునకును గాదు. కొంత ఎక్కువకును కొంత తక్కువకును మాత్రమే.

రెండవది గుర్తింపదగినది. 2010లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము అత్యవసర శాసనము చేయగా ఇచ్చట వసూళ్లు స్తంభించినవి. ఇచ్చట ధనము చిక్కుకొనిన సంస్థలు ఇతర రాష్ట్రములందును ఋణములను తగ్గించినవి. ఎమిలీ బ్రెజా గారితో కూడి అదే కినన్ గారు 2021లో ప్రకటించిన పరిశోధనము, అట్టి జిల్లాలలో కూలిరేట్లును, కుటుంబ వ్యయమును తగ్గినవని చూపినది. అప్పు చేయని కూలివానికిని ఆ నష్టము తగిలినది. ఒకే నగరములో పనివారు పేటనుండి పేటకు పోవుచుందురు గనుక, అచ్చట కూలి మారినచో ఇరువైపుల నొక్కతీరుననే మారును; పేటల పోలికకు అది చిక్కదు.

త్రాసు సరియైనదే; కాని త్రాసులో పెట్టిన వస్తువునే అది తూచగలదు. పేటకు సంబంధించిన ప్రశ్నకు దొరకిన సమాధానమును రాష్ట్రమునకు శాసనముగా చేయువారు ఈ భేదము నెరుగవలెను.